పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లావాదేవీల వేగం పోలిక: ఒక ప్రాజెక్టు డైరీ

పని, దాని హద్దులు

మా బృందం టోకు మందుల పంపిణీదారుల కోసం తయారు చేస్తున్న ఆర్డర్ల అప్లికేషనుకు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (పొట్టిగా పోస్ట్‌గ్రెస్) డేటాబేసు వాడాలా, మైఎస్‌క్యూఎల్ డేటాబేసు వాడాలా అన్న చర్చ ఎంతకీ తెగకపోవడంతో, రెండింటినీ ఒకే యంత్రం మీద కొలిచి చూసే పని నాకు అప్పగించారు. ఎవరి పాత అనుభవం వారికి ప్రమాణంగా ఉన్న చర్చ అది. కొలతల పట్టికలు బృందం ఫోల్డరులో విడిగా ఉన్నాయి. అవి మా యంత్రానికీ మా సెట్టింగులకూ మాత్రమే వర్తిస్తాయి కనుక వాటిని ఇక్కడ తిరిగి రాయడం లేదు. ఏది మారిస్తే అంకె ఎటు కదిలిందో, ఎందుకు కదిలిందో, అది మాత్రమే ఈ డైరీలో నమోదు చేస్తున్నాను.

పరీక్ష ఎంపిక

పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే పీజీబెంచ్ అనే వేగ పరీక్ష సాధనం మొదట చేతికి అందుతుంది. దాని డిఫాల్టు పరీక్ష పాత టీపీసీ-బి అనే బ్యాంకు లావాదేవీల పరీక్షను పోలి ఉంటుంది: ఒక ఖాతా నిల్వను మార్చి తిరిగి చదవడం, ఒక టెల్లర్ నిల్వనూ ఒక బ్రాంచి నిల్వనూ మార్చడం, చరిత్ర టేబుల్లో ఒక వరుస చేర్చడం, కమిట్ చేయడం, అంటే లావాదేవీని ఖాయం చేయడం. స్కేలు, అంటే డేటా పరిమాణం, 1 అయితే ఒక బ్రాంచి, 10 మంది టెల్లర్లు, 1,00,000 ఖాతాలు ఉంటాయి. క్లయింట్ల సంఖ్య స్కేలును మించితే అందరూ కొద్దిపాటి బ్రాంచి వరుసల దగ్గరే క్యూ కడతారు. మించకపోతే, పరీక్ష చాలావరకు కమిట్ వేగాన్నే కొలుస్తుంది. ఒక డిస్కును పరీక్షించడానికి ఇది పనికొస్తుంది గానీ, ఒక ఆర్డరులో పది సరుకులు ఉండే మా పనికి ఇది ప్రతినిధి కాదు.

ఆ పరీక్ష వంశవృక్షం తెలిస్తే నేను ఎంచుకున్న టీపీసీ-సి పరీక్ష ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. 1985 ఏప్రిల్‌లో డేటామేషన్ పత్రికలో డేటాబేస్ శాస్త్రవేత్త జిమ్ గ్రే, ఆయన సహచరులు తమ పేర్లు లేకుండా ప్రచురించిన వ్యాసం డెబిట్-క్రెడిట్ అనే బ్యాంకు లావాదేవీ నమూనాను ప్రతిపాదించింది. కంపెనీలు దానిలోని కష్టమైన నిబంధనలను, ముఖ్యంగా టెర్మినళ్లను, నెట్‌వర్కును, పక్కన పెట్టి టీపీ1 పేరుతో పెద్ద పెద్ద అంకెలు ప్రకటించుకోవడం మొదలుపెట్టాయి. ఆ గందరగోళం నడుమనే 1988 ఆగస్టులో విశ్లేషకుడు ఓమ్రీ సెర్లిన్ చొరవతో టీపీసీ (లావాదేవీల పనితీరు మండలి) ఏర్పడింది. 1989లో టీపీసీ-ఎ, 1990లో టీపీసీ-బి, 1992 జులైలో టీపీసీ-సి వచ్చాయి. మూడోది ఒక టోకు సరఫరాదారు గిడ్డంగులను, ఆర్డర్లను నమూనాగా తీసుకుంది. మా అప్లికేషను చేసే పని కూడా దాదాపు అదే కావడంతో ఎంపిక గురించి ఎక్కువ ఆలోచించవలసిన అవసరం రాలేదు.

ఇందులో ఐదు రకాల లావాదేవీలు ఉంటాయి. కొత్త ఆర్డరు సుమారు 45 శాతం, చెల్లింపు కనీసం 43 శాతం, ఆర్డరు స్థితి, డెలివరీ, స్టాకు మట్టం ఒక్కొక్కటి కనీసం 4 శాతం. ఫలితంగా లెక్కించేది కొత్త ఆర్డర్లను మాత్రమే. మిగతా నాలుగూ నేపథ్యంలో నడుస్తూ ఉండవలసిందే గానీ అంకెలోకి రావు.

పేరు, లైసెన్సు

టీపీఎమ్‌సీ (టీపీసీ-సిలో నిమిషానికి జరిగిన కొత్త ఆర్డర్ల సంఖ్య) అన్న పేరును ఆడిట్ జరిగి, టీపీసీ ఆమోదం పొందిన ఫలితాలకే వాడాలి. అందుకే నేను వాడుతున్న హ్యామర్‌డీబీ అనే సాధనం తన పరీక్షను టీప్రాక్-సి అని పిలుస్తుంది, నిమిషానికి ఎన్ని కొత్త ఆర్డర్లు జరిగాయో దాన్ని ఎన్‌ఓపీఎమ్‌గా చూపుతుంది. మా పట్టికల్లో కూడా ఆ పేరే ఉంటుంది. ఒరాకిల్‌ను కూడా కలిపి కొలవమని ఒకరు అడిగారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డెవిట్ 1980ల తొలినాళ్లలో చేసిన కొలతల తర్వాత ఒరాకిల్ లైసెన్సులోకి వచ్చిన షరతు, వారి అనుమతి లేకుండా పనితీరు ఫలితాలను బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. ఆ షరతును నేటికీ డెవిట్ క్లాజు అనే పిలుస్తారు. బయట చూపలేని కొలత కోసం సమయం వెచ్చించడం నాకు సబబుగా తోచలేదు.

యంత్రాలు

సర్వరు ఒకటి, భారం (పరీక్ష లావాదేవీలు) పంపే యంత్రం మరొకటి. రెండూ ఒకే స్విచ్చుకు కట్టి ఉన్నాయి. భారం పంపే ప్రోగ్రాము డేటాబేస్ ఉన్న యంత్రం మీదే నడిస్తే రెండూ ప్రాసెసరు కోసం పోటీ పడతాయి, అప్పుడు వచ్చే అంకె డేటాబేసుది ఎంతో ప్రోగ్రాముది ఎంతో విడదీయలేము. ప్రాసెసర్ల వేగ నియంత్రణను విద్యుత్తు పొదుపు పద్ధతి నుంచి పూర్తి పనితీరు పద్ధతికి మార్చాను. పోస్ట్‌గ్రెస్ 16, మైఎస్‌క్యూఎల్ 8.4 ఎంచుకున్నాను. ఒకటి నడుస్తున్నప్పుడు రెండోది పూర్తిగా ఆపి ఉంటుంది.

డేటాబేసు పెట్టకముందే డిస్కును పరీక్షించాను. పోస్ట్‌గ్రెస్ ఇచ్చే ఫ్లష్ పరీక్ష సాధనం ఒక రాతను నిజంగా డిస్కు మీదకు దింపడానికి ఎంత సమయం పడుతుందో చూపుతుంది. ఇక్కడ మరీ మంచి అంకె వస్తే సంతోషించే ముందు అనుమానించాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పాత హార్డ్ డిస్కు సెకనుకు 120 సార్లే తిరుగుతుంది. దాని మీద ఒకే చోట సెకనుకు వేలకొద్దీ ఫ్లష్‌లు జరిగాయంటే, మధ్యలో ఏదో ఒక కాష్ (తాత్కాలిక మెమరీ) రాత పూర్తయిందని తొందరపడి చెబుతోందన్నమాట. ఎస్‌ఎస్‌డీల్లో కూడా కరెంటు పోతే కాష్‌ను కాపాడే కెపాసిటర్లు ఉన్నవి, లేనివి అని రెండు రకాలు ఉన్నాయి. అవి ఉన్న డ్రైవు ఫ్లష్‌ను వెంటనే ఒప్పుకున్నా మోసం కాదు. లేని డ్రైవు అయితే ప్రతి కమిట్‌కూ నిజంగా ఆగాలి, లేదా అబద్ధం చెప్పాలి. మా సర్వరులో మొదటి రకం ఉంది.

హామీలను సమం చేయడం

పని మొత్తంలో అత్యధిక సమయం తిన్నది ఇదే, తినవలసినదీ ఇదే. రెండు డేటాబేసులు ఒకే మాట ఇవ్వకపోతే వాటి వేగాలను పోల్చడంలో అర్థం లేదు.

కమిట్ పూర్తయిందని చెప్పిన లావాదేవీ కరెంటు పోయినా మిగలాలి అన్నది మా మొదటి షరతు. పోస్ట్‌గ్రెస్‌లో ఎఫ్‌సింక్ (రాతను డిస్కు మీదకు దింపడం), సింక్రనస్ కమిట్ (దిగాకే కమిట్ అయిందని చెప్పడం), ఫుల్ పేజ్ రైట్స్ (మారిన పేజీని లాగ్‌లో, అంటే మార్పుల చిట్టాలో, మొత్తంగా రాయడం) మూడూ డిఫాల్టుగానే ఆన్‌లో ఉంటాయి. వాటిని ముట్టుకోలేదు. మైఎస్‌క్యూఎల్‌లో డేటాను నిల్వ చేసే భాగమైన ఇన్నోడీబీలో లావాదేవీ కమిట్ దగ్గర లాగ్ ఫ్లష్ చేసే సెట్టింగు 1గా, బైనరీ లాగ్ సింక్ 1గా, డబుల్‌రైట్ (పేజీని రెండుసార్లు రాసి కాపాడే ఏర్పాటు) ఆన్‌గా ఉన్నాయి. ఫ్లష్ సెట్టింగును 2 చేస్తే ప్రతి కమిట్‌కూ లాగ్ ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీ దాకా వెళ్తుంది గానీ డిస్కు మీదకు సుమారు సెకనుకు ఒకసారే దిగుతుంది. డేటాబేసు ప్రాసెసు చచ్చిపోతే నష్టం లేదు, యంత్రమే పడిపోతే చివరి సెకను ఆర్డర్లు పోతాయి. ఒకటి ఇంకొకదాని కంటే ఎన్నో రెట్లు వేగమని చెప్పే పోలికలు చూసినప్పుడు నేను మొదట వెతికేది ఈ ఒక్క అంకెనే.

పేజీ చెడిపోతే పట్టిచ్చే చెక్‌సమ్‌ల విషయంలో కూడా తేడా ఉంది. ఇన్నోడీబీ ప్రతి పేజీకీ చెక్‌సమ్ డిఫాల్టుగా రాస్తుంది. పోస్ట్‌గ్రెస్ 16లో మాత్రం అది డిఫాల్టుగా ఉండదు, అడిగి పెట్టుకోవాలి. అడిగి పెట్టాను.

బైనరీ లాగ్ గురించి కొంత వాదన జరిగింది. పోస్ట్‌గ్రెస్ ఒకే లాగ్ రాస్తుంది, మైఎస్‌క్యూఎల్ మాత్రం ఇన్నోడీబీ రీడూ లాగ్ (పడిపోయాక కోలుకోవడానికి), బైనరీ లాగ్ (నకలు నడపడానికి) రెండూ రాసి, ఆ రెండింటినీ లోలోపల రెండు దశల కమిట్‌తో సరిపోల్చుకోవాలి కనుక, బైనరీ లాగ్ ఆపేస్తేనే న్యాయమని ఒక సహోద్యోగి అన్నారు. అసలు వాడకంలో మాకు రెండో సర్వరులో నకలు ఉండి తీరాలి. పోస్ట్‌గ్రెస్ ఆ నకలును తన ఒకే లాగ్ నుంచి నడుపుతుంది, మైఎస్‌క్యూఎల్‌కు బైనరీ లాగ్ లేకుండా ఆ పని జరగదు. కాబట్టి ఆన్‌లోనే ఉంచాను. ఆపి కూడా ఒకసారి కొలిచాను, ఆ వరుస పట్టికలో విడిగా ఉంది, నిర్ణయంలోకి తీసుకోలేదు.

మెమరీని సమం చేయడం అన్నిటికన్నా తిరకాసు వ్యవహారం. రెండింటి డిఫాల్టు బఫరూ (డేటా పేజీలను ఉంచుకునే మెమరీ) 128 ఎంబీయే, రెండూ నేటి సర్వర్లకు పనికిరావు. పెంచేటప్పుడు ఇద్దరికీ ఒకే అంకె ఇస్తే సమానం అయిపోదు. పోస్ట్‌గ్రెస్ తన షేర్డ్ బఫర్స్ కాకుండా ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలు కాష్ మీద కూడా ఆధారపడుతుంది. డైరెక్ట్ పద్ధతిలో నడిచే ఇన్నోడీబీ ఆ కాష్‌ను దాటి నేరుగా డిస్కుతో మాట్లాడుతుంది. అందుచేత బఫర్లను కాకుండా మొత్తం మెమరీని కట్టడి చేశాను: లైనక్స్‌లో వనరులకు హద్దు పెట్టే సీగ్రూపు ద్వారా ఒక్కొక్కదానికి 16 జీబీ పరిమితి పెట్టాను. ఫైలు కాష్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఆ 16 లోపల పోస్ట్‌గ్రెస్ బఫరుకు 4 జీబీ, ఇన్నోడీబీ బఫరు పూలుకు 12 జీబీ ఇచ్చాను.

డేటా నింపడం

తొమ్మిది టేబుళ్లు. ఒక గిడ్డంగికి 10 జిల్లాలు, జిల్లాకు 3,000 మంది ఖాతాదారులు, గిడ్డంగికి 1,00,000 స్టాకు వరుసలు, మొదట్లో 30,000 ఆర్డర్లు, ఒక్కో ఆర్డరులో సగటున 10 సరుకుల చొప్పున 3,00,000 ఆర్డరు వరుసలు. సరుకుల టేబుల్ ఒక్కటే గిడ్డంగులతో పెరగకుండా 1,00,000 దగ్గర నిలిచి ఉంటుంది. నిబంధనల పత్రంలో ఇచ్చిన వరుసల పొడవుల ప్రకారం స్టాకు వరుస 306 బైట్లు, ఖాతాదారు వరుస 655, ఆర్డరు వరుస 54. అన్నీ కూడితే గిడ్డంగికి 68.6 ఎంబీ దాకా వస్తుంది. 400 గిడ్డంగులు నింపాను కనుక ఇండెక్సులు లేకుండానే 27 జీబీ దాటింది. 16 జీబీలో పట్టదు. మెమరీలో పూర్తిగా పట్టే పరిస్థితి కోసం 100 గిడ్డంగులతో మరొక డేటాబేసు సిద్ధం చేశాను.

నింపిన వెంటనే సర్వరు ఆపి, డేటా డైరెక్టరీని యథాతథంగా పక్కకు నకలు తీసి పెట్టాను. పరీక్ష నడిచే కొద్దీ ఆర్డర్లు చేరి టేబుళ్లు పెరుగుతాయి. నిన్నటి పరుగు వదిలిన చోట నేటి పరుగు మొదలైతే రెండూ పోల్చదగినవి కావు. ప్రతి పరుగుకూ ముందు ఆ నకలును తిరిగి పెట్టడం, డిస్కుకు ట్రిమ్ (ఖాళీ అయిన చోట్ల సమాచారం) ఇవ్వడం, రెండు డేటాబేసులను ఒకదాని తర్వాత ఒకటిగా మార్చి మార్చి నడపడం ఒక స్క్రిప్టులో రాసుకున్నాను.

12.86 ఎక్కడి నుంచి వచ్చింది

అసలు టీపీసీ-సిలో ఒక గిడ్డంగి నుంచి నిమిషానికి 12.86 కొత్త ఆర్డర్లకు మించి రావు. ఇది యంత్రం పరిమితి కాదు, మనుషుల పరిమితి. గిడ్డంగికి 10 టెర్మినళ్లు ఉంటాయి. కొత్త ఆర్డరు టైపు చేయడానికి 18 సెకన్లు, ఆలోచనకు సగటున 12 సెకన్లు, మొత్తం 30. చెల్లింపుకు 3, 12 కలిపి 15. ఆర్డరు స్థితికి 12. డెలివరీకి 7. స్టాకు మట్టానికి 7. వీటిని 45, 43, 4, 4, 4 శాతాలతో లెక్కిస్తే సగటు చక్రం 20.99 సెకన్లు. పది టెర్మినళ్లు నిమిషంలో 28.6 లావాదేవీలు చేస్తాయి, అందులో 45 శాతం అంటే 12.86. సర్వరు సున్నా సమయంలో జవాబిచ్చినా ఇంతకు మించదు.

దీనివల్ల పెద్ద అంకె కావాలంటే పెద్ద డేటాబేసు కట్టి తీరాలి. 2020లో ఓషన్‌బేస్ 70.7 కోట్ల టీపీఎమ్‌సీ ప్రకటించింది. ఆ అంకెకు కనీసం 5.5 కోట్ల గిడ్డంగులు ఉండాలి. అంకె కన్నా ఆ వెనకనున్న నిల్వే నన్ను ఆశ్చర్యపరిచింది.

నా 400 గిడ్డంగులకు ఈ నిబంధన పాటిస్తే నిమిషానికి గరిష్ఠంగా 5,144 ఆర్డర్లు. దానికోసం 4,000 టెర్మినళ్లు. ఈ భారాన్ని రెండు డేటాబేసులూ సునాయాసంగా మోశాయి, కాబట్టి వేగాల పోలికకు ఇది పనికిరాలేదు. పనికివచ్చింది మరో చోట: 4,000 కనెక్షన్లు తెరిచి ఉన్నప్పుడు, ప్రతి కనెక్షనుకూ ఒక ప్రాసెసు పెట్టే పోస్ట్‌గ్రెస్ మెమరీ ఎంత తింటుందో, ఒక థ్రెడ్డు పెట్టే మైఎస్‌క్యూఎల్ ఎంత తింటుందో స్పష్టంగా కనబడింది. పోస్ట్‌గ్రెస్ ఎంచుకుంటే ముందు ఒక కనెక్షన్ పూలరు (కొద్ది కనెక్షన్లను అందరికీ పంచే ప్రోగ్రాము) తప్పనిసరి అని అప్పుడే రాసుకున్నాను.

ఆలోచనా సమయం లేని పరుగులు

వేచి ఉండటం తీసేసి, 64 మంది వర్చువల్ వాడుకరులు ఆగకుండా లావాదేవీలు పంపే పద్ధతికి మారాను. మెమరీలో పట్టని 400 గిడ్డంగుల డేటాబేసు మీద కూడా డిస్కు చదువులు దాదాపు లేకపోవడం చూసి కారణం వెతికాను. హ్యామర్‌డీబీ డిఫాల్టుగా ఒక్కో వాడుకరికి ఒక్కో సొంత గిడ్డంగి కేటాయించి, పరుగు పూర్తయ్యేదాకా అక్కడే ఉంచుతుంది. ఆర్డరు వరుసల్లో 1 శాతం, చెల్లింపుల్లో 15 శాతం మాత్రమే వేరే గిడ్డంగులకు వెళ్తాయి. అంటే 400 నింపినా నిజంగా వేడెక్కేవి 64 మాత్రమే, అవి 16 జీబీలో హాయిగా పట్టిపోతాయి. అన్ని గిడ్డంగులనూ వాడే ఐచ్ఛికాన్ని ఆన్ చేసిన తర్వాతే డిస్కు కదలింది, రెండింటి అంకెలూ గణనీయంగా తగ్గాయి. డేటా ఎంత పెద్దదో చెప్పి, అందులో ఎంత భాగాన్ని తాకారో చెప్పని పోలికలను నమ్మకపోవడానికి ఈ ఒక్క పరుగు చాలు.

తర్వాత గ్రాఫులో రంపపు పళ్లు కనిపించాయి. పోస్ట్‌గ్రెస్‌లో లాగ్ గరిష్ఠ పరిమాణం డిఫాల్టుగా 1 జీబీ. ఈ భారంలో అది చిటికెలో నిండి, చెక్‌పాయింట్ (మెమరీలో మారిన పేజీలను డిస్కుకు దింపే ఘట్టం) వెంట చెక్‌పాయింట్ వస్తుంది. ప్రతి చెక్‌పాయింట్ తర్వాత ఒక పేజీని మొదటిసారి మార్చినప్పుడు మొత్తం 8 కేబీ పేజీని లాగ్‌లో రాయాలి కనుక లాగ్ ఇంకా ఉబ్బుతుంది, ఉబ్బిన లాగ్ మరో చెక్‌పాయింట్‌ను ఇంకా ముందుకు లాగుతుంది. పరిమాణాన్ని 32 జీబీకి, చెక్‌పాయింట్ల మధ్య వ్యవధిని 15 నిమిషాలకు పెంచాక పళ్లు మొద్దుబారాయి. ఇన్నోడీబీ రీడూ లాగ్ డిఫాల్టు 100 ఎంబీ. అక్కడ కూడా ఇదే కథ: లాగ్ నిండబోతుంటే మురికి (మారినా ఇంకా డిస్కుకు చేరని) పేజీలను హడావిడిగా దింపుతూ లావాదేవీలను ఆపుతుంది. దానికీ 32 జీబీ ఇచ్చాను.

పది నిమిషాల పరుగులు చాలవని కూడా ఇక్కడే తేలింది. టీపీసీ-సి నిబంధనలు స్థిరమైన స్థితిలో కనీసం 120 నిమిషాల కొలత కోరడం వెనక అనుభవం ఉంది. డెలివరీ లావాదేవీ కొత్త ఆర్డర్ల టేబుల్ నుంచి ప్రతి జిల్లాలో అతి పాత ఆర్డరును వెతికి తొలగిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఆ తొలగించిన వరుసలు వాక్యూమ్ అనే శుభ్రత పని వచ్చేదాకా ఇండెక్సు మొదట్లోనే పేరుకుంటాయి. ఇన్నోడీబీలో తొలగింపు గుర్తు పడిన వరుసలు పర్జ్ అయ్యేదాకా, అంటే నిజంగా తుడిచేదాకా, ఉంటాయి. మొదటి పది నిమిషాల్లో ఈ చెత్త ఎత్తే ఖర్చు బయటపడదు. వాక్యూమ్‌ను పూర్తిగా ఆపి చిన్న పరుగు తీసి గొప్ప అంకె చూపించడం ఎంత తేలికో తెలిసిన తర్వాత, రెండు గంటలకు తక్కువైన ఏ పరుగునూ పట్టికలోకి రానివ్వలేదు.

ఐసోలేషన్

ఐసోలేషన్ అంటే ఒకేసారి నడిచే లావాదేవీలు ఒకదాని మార్పులను ఒకటి ఎంతవరకు చూస్తాయన్న స్థాయి. పోస్ట్‌గ్రెస్ డిఫాల్టు రీడ్ కమిటెడ్ (ప్రతి వాక్యమూ తాజా కమిట్లను చూస్తుంది), ఇన్నోడీబీ డిఫాల్టు రిపీటబుల్ రీడ్ (లావాదేవీ అంతా మొదట చూసిన స్థితినే చదువుతుంది). డిఫాల్టులతోనే పోల్చితే రెండు వేర్వేరు పనులను పోల్చినట్టే. రెండింటికీ రిపీటబుల్ రీడ్ పెట్టినా సమానం కాదన్నది ఇంకా చిక్కైన విషయం. పోస్ట్‌గ్రెస్‌లో ఆ స్థాయి అంటే స్నాప్‌షాట్: నేను చదివిన తర్వాత ఇంకొకరు మార్చి కమిట్ చేసిన వరుసను నేను మార్చబోతే తప్పు చూపించి లావాదేవీని ఆపేస్తుంది, మళ్లీ ప్రయత్నించే బాధ్యత క్లయింటుది. ఇన్నోడీబీలో మామూలు చదువు పాత స్నాప్‌షాట్‌ను చూపినా, మార్పు మాత్రం తాజా వరుస మీద జరిగిపోతుంది. దానికి తోడు గ్యాప్ లాకులు (వరుసల మధ్య కొత్తవి చేరకుండా ఆపేవి) ఉంటాయి. టీపీసీ-సి లావాదేవీలు స్నాప్‌షాట్ ఐసోలేషన్‌లో నడిచినా సీరియలైజబుల్‌గానే (ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టే) ఉంటాయని 2005లో ఫెకెటే, ఆయన సహ పరిశోధకులు నిరూపించారు. అందువల్ల ఈ పరీక్షకు పోస్ట్‌గ్రెస్ రిపీటబుల్ రీడ్ సరిపోతుంది, కానీ ఆగిపోయిన లావాదేవీలను కూడా లెక్కపెట్టాలి. రెండు స్థాయిల్లోనూ కొలిచి, పక్కనే విఫలమైన లావాదేవీల వరుస చేర్చాను.

డెడ్‌లాకులు (లావాదేవీలు ఒకదాని లాకు కోసం ఒకటి ఆగిపోవడం) రెండింటిలోనూ వచ్చాయి. ఒక ఆర్డరులోని సరుకులను నంబర్ల క్రమంలో పేర్చి స్టాకు వరుసలను ఆ క్రమంలోనే మార్చేలా చేస్తే కొత్త ఆర్డర్ల మధ్య వచ్చేవి పోయాయి. మా అప్లికేషను కోడులో కూడా ఆ క్రమాన్ని ఇప్పటికే చేర్పించాను.

కరెంటు తీసి చూడటం

ప్రతి పరుగు చివరా నిబంధనల్లోని సరిచూపులు నడుపుతున్నాను: గిడ్డంగి మొత్తం వసూలు దాని పది జిల్లాల వసూళ్ల కూడికకు సమానమా, జిల్లాలో తర్వాతి ఆర్డరు నంబరు అతి పెద్ద ఆర్డరు నంబరు కన్నా సరిగ్గా ఒకటి ఎక్కువా, ఆర్డర్లలో రాసిన సరుకుల సంఖ్యలు కూడితే ఆర్డరు వరుసల సంఖ్య వస్తుందా. ఇవి తప్పితే వేగం ఎంతైనా ఆ పరుగు చెల్లదు.

హామీ మాటకు వస్తే పరీక్షించకుండా నమ్మడం ఇష్టం లేక, పూర్తి భారం నడుస్తుండగా సర్వరు ప్లగ్గు పీకాను. కమిట్ అయిందని జవాబు వచ్చిన ప్రతి ఆర్డరు నంబరునూ భారం పంపే యంత్రం తన ఫైలులో రాసుకునేలా ముందే ఏర్పాటు చేశాను. తిరిగి లేచిన తర్వాత రెండు డేటాబేసుల్లోనూ ఆ ఫైలులోని ప్రతి ఆర్డరూ దొరికింది. పోస్ట్‌గ్రెస్ సింక్రనస్ కమిట్‌ను ఆఫ్ చేసి, ఇన్నోడీబీ ఫ్లష్‌ను 2 చేసి మళ్లీ పీకితే, రెండింటిలోనూ చివరి ఆర్డర్లు కొన్ని లేవు, అయితే మిగిలిన డేటా మాత్రం సరిచూపుల్లో నిలబడింది. ఆ సెట్టింగులతో అంకెలు బాగా పైకి లేచాయి. ఒకే హామీ మీద రెండు డేటాబేసుల మధ్య మాకు కనబడిన తేడా కన్నా, ఒకే డేటాబేసులో ఈ రెండు హామీల మధ్య కనబడిన తేడా పెద్దది.

నెట్‌వర్కు దాటే ప్రయాణాలు

ఇంతవరకు కొలిచినదంతా డేటాబేసు లోపలే నడిచే స్టోర్డ్ ప్రొసీజర్లతో: ఒక కొత్త ఆర్డరు అంటే నెట్‌వర్కు మీద ఒక పిలుపు. మా అప్లికేషను అలా నడవదు, ఒక్కో ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని విడివిడిగా పంపుతుంది. అందుకని అదే డేటా మీద, జావా నుంచి వాక్యం తర్వాత వాక్యం పంపే బెంచ్‌మార్క్‌ఎస్‌క్యూఎల్ తరహా పరుగు తీశాను. పది సరుకుల ఆర్డరుకు ఒక్కో సరుకుకూ నాలుగు వాక్యాలు: సరుకు ధర చదవడం, స్టాకు చదవడం, స్టాకు మార్చడం, ఆర్డరు వరుస చేర్చడం. మొత్తం 40. ఖాతాదారు, జిల్లా, ఆర్డరు తల వంటివి ఒక ఐదు, చివర కమిట్. సుమారు 46 ప్రయాణాలు. ఒక్కోటి 0.2 మిల్లీసెకన్లు పట్టినా నెట్‌వర్కుకే 9 మిల్లీసెకన్లు.

అసలు బరువు ఆ 9 మిల్లీసెకన్లలో లేదు. జిల్లా వరుసలోని తర్వాతి ఆర్డరు నంబరును లావాదేవీ మొదట్లోనే పెంచితే ఆ వరుస లాకు కమిట్ దాకా చేతిలో ఉంటుంది, అంటే ఒక జిల్లా నుంచి సెకనుకు 110 ఆర్డర్లకు మించి రావు. ప్రయాణం 1 మిల్లీసెకను అయితే, క్లౌడులో వేర్వేరు జోన్ల మధ్య అది అరుదేమీ కాదు, ఆ పరిమితి 21కి పడిపోతుంది. ఏ డేటాబేసు అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పడినంత దగ్గరగా వచ్చాయి.

మా దగ్గర ఆ జిల్లా వరుసకు అచ్చంగా సరిపోయేది ఇన్వాయిసు నంబరు. జీఎస్టీ నిబంధనల్లో 46వ నియమం ప్రకారం ఇన్వాయిసుకు 16 అక్షరాలకు మించని వరుస నంబరు ఉండాలి, ఆర్థిక సంవత్సరంలో అది మళ్లీ రాకూడదు. తర్వాతి నంబరును తమంతట తామే ఇచ్చే పోస్ట్‌గ్రెస్ సీక్వెన్సు గానీ మైఎస్‌క్యూఎల్ ఆటో ఇంక్రిమెంటు గానీ వాడదామంటే, రోల్‌బ్యాక్ అయిన (రద్దయిన) లావాదేవీ తీసుకున్న నంబరును రెండూ వెనక్కి ఇవ్వవు, వరుసలో ఖాళీలు మిగులుతాయి. టీపీసీ-సిలో కొత్త ఆర్డర్లలో 1 శాతం లేని సరుకు నంబరుతో కావాలనే రోల్‌బ్యాక్ అవుతాయి. ఆ ఒక్క శాతంతోనే సీక్వెన్సు నమూనాలో ఖాళీలు వెంటనే బయటపడ్డాయి. కాబట్టి ప్రతి శాఖకూ ఒక కౌంటరు వరుస, దానికి లాకు తప్పవు. తగ్గించగలిగింది ఆ లాకు పట్టుకునే వ్యవధిని మాత్రమే.

మార్పు ఇలా చేశాము. ఆర్డరు వరుసలకు కీలకంగా ఇన్వాయిసు నంబరును తీసేసి, ఖాళీలున్నా ఫర్వాలేని లోపలి గుర్తింపు సంఖ్యను పెట్టాము. స్టాకు చదవడం, మార్చడం, వరుసలు చేర్చడం ముందు జరుగుతాయి, అవి కూడా పదింటికీ కలిపి ఒక్కో వాక్యంలో. అన్నీ పూర్తయ్యాక కౌంటరు పెంచి, వచ్చిన నంబరును ఆర్డరు తల మీద రాసి, కమిట్. లాకు ఇప్పుడు మూడు ప్రయాణాల సేపే ఉంటుంది. రద్దీ ఉన్న శాఖ నమూనాతో రెండు డేటాబేసుల్లోనూ మళ్లీ కొలిచాను. ఇంతవరకు ఏ సెట్టింగు మార్చినా రానంత మెరుగుదల ఇక్కడ వచ్చింది, జవాబు సమయాల్లో 99వ శాతస్థానం (వందకు 99 జవాబులు వచ్చేసే సమయం) మరీ బాగా దిగింది.

ఆ జవాబు సమయాల గురించి ఒక జాగ్రత్త రాసి పెడుతున్నాను. వాడుకరి తనకు జవాబు వచ్చాకే తర్వాతిది పంపే పద్ధతిలో సర్వరు రెండు సెకన్లు ఆగిపోతే, ఆ రెండు సెకన్లలో రావలసిన ఆర్డర్లు అసలు పంపబడవు, కనుక చెడ్డ కొలత ఒక వాడుకరికి ఒక్కటిగానే నమోదవుతుంది. పనితీరు కొలతల నిపుణుడు గిల్ టెనే చాలాకాలంగా హెచ్చరిస్తున్న లోపం ఇది. చివరి పరుగుల్లో ఆర్డర్లను నిర్ణీత వేగంతో, జవాబుతో నిమిత్తం లేకుండా పంపి, పంపవలసిన క్షణం నుంచి సమయం లెక్కపెట్టాను. చెక్‌పాయింట్ సమయాల్లో అసలు ఆలస్యం ఎంతో అప్పుడే తెలిసింది.

ప్రస్తుత స్థితి

మా రద్దీ వేళల భారానికి రెండు డేటాబేసులూ ఒకే హామీ మీద చాలినంత వేగంగా ఉన్నాయని నివేదికలో రాశాను. బృందం పోస్ట్‌గ్రెస్‌ను ఎంచుకుంది. కారణాల్లో వేగం లేదు: ఒకే లాగ్‌తో నకలు, బ్యాకప్, కోరిన సమయానికి తిరిగి తేవడం మూడూ జరగడం, ఆ పని ఇప్పటికే చేసిన వారు మాలో ఉండడం. కనెక్షన్ పూలరు ముందు పెట్టి 64 వాడుకరుల పరుగు మళ్లీ తీయాలి, దాని తర్వాత రెండో సర్వరు జవాబు కోసం కమిట్ ఆగే సెట్టింగుతో ఇంకో వరుస పరుగులు ఉన్నాయి. ఆ సెట్టింగులో ప్రతి కమిట్‌కూ ఒక నెట్‌వర్కు ప్రయాణం అదనంగా చేరుతుంది, ఆ సేపూ కౌంటరు లాకు చేతిలోనే ఉంటుంది. కాబట్టి మూడు ప్రయాణాల లెక్కను నాలుగుగా మార్చి, శాఖకు సెకనుకు ఎన్ని ఇన్వాయిసులు వస్తాయో ముందు కాగితం మీద వేసుకుని, ఆ తర్వాత కొలవబోతున్నాను.